ఛాయాచిత్రంలో గిజిగాడు

ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవి మొదలయ్యే ప్రాంతంలో తొలకరి ఒక వింత మార్పును తెస్తుంది. ఏడాదిలో సగం రోజులు పిచ్చుకల గుంపులో కలిసిపోయి, ఎవరి కంటా ప్రత్యేకంగా పడకుండా గింజలేరుకొన్న మట్టిరంగు పిట్ట ఒకటి వానలు మొదలయ్యేసరికి నెత్తిన పసిడి వన్నె కుళ్ళాయి, చెక్కిళ్ళపై ముదురు గోధుమరంగు ముసుగు, రొమ్మున లేత పసుపు తాల్చి ఈతచెట్టు మట్టపై ప్రత్యక్షమవుతుంది. రెక్కలు అల్లారుస్తూ, గొంతెత్తి అరుస్తూ, సగం అల్లిన గూటికి తలకిందులుగా వేలాడుతుంది. అదే మగ గిజిగాడు. దాని గూటి పనితనాన్ని చూసి పరవశించిన మహాకవి జాషువ ఒక ఖండికనే దానికి అంకితం చేశాడు.

నేడు ఈ పిట్టను చూసినవారి చేయి ముందుగా జేబులోని ఫోను వైపు పోతుంది. ఛాయాచిత్రం క్షణంలో సిద్ధమవుతుంది. “ఇది ఏ పిట్ట?” అనే ప్రశ్న వెంటనే పుడుతుంది. చిత్రాన్ని చూసిన ఒకరు వంగపండు పిట్ట అంటారు. మరొకరు పసుపుపచ్చ పిచ్చుక అంటారు. ఇంకొకరు యంత్రం చెప్పిన పేరును చదివి వినిపిస్తారు. ఎక్కువ మంది ఒప్పుకొన్న పేరే ఖాయమవుతుంది. ఈ పద్ధతి సరైనది కాదు. ఛాయాచిత్రం మంచి సాక్షి. కాని ఏ సాక్షినైనా ప్రశ్నించిన తరువాతనే తీర్పు చెప్పడం న్యాయం. పక్షి విషయంలో ఆ న్యాయాన్ని పాటించకపోతే నష్టపోయేది పక్షే.

అన్నింటికంటె ముందు మోసగించేది రంగు. పక్షి ఈక ఒకసారి పూర్తిగా పెరిగిన తరువాత అది గోరువలె నిర్జీవ పదార్థం. దానికి కొత్త రంగు లోపలి నుంచి రాదు. రంగు మారాలంటే పాత ఈక రాలి కొత్త ఈక మొలవాలి. పగటి నిడివి పెరిగేకొద్దీ గిజిగాని మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి మేల్కొంటుంది. అది విడుదల చేసే హార్మోన్ల ప్రేరణతో తల, రొమ్ము భాగాలలో కొత్త ఈకలు పసుపు వన్నెతో వస్తాయి. సంతానోత్పత్తి కాలం గడిచాక ఆ ఈకలు రాలిపోయి మగపిట్ట మళ్ళీ ఆడపిట్ట వేషానికి దిగుతుంది. ఈ రెండు వేషాల నడుమ కొన్ని వారాలపాటు అది అటూ ఇటూ కాని అతుకుల బొంతవలె కనిపిస్తుంది. ఆ వారాలలో తీసిన చిత్రాన్ని పుస్తకంలోని బొమ్మతో పోల్చితే ఏ బొమ్మా సరిపోదు. చూసేవారు అది ఏదో అపురూప జాతి అని భ్రమపడతారు.

ఈ మాయ ఒక్క గిజిగానితో ఆగదు. తేనెపిట్టలలో ఒక జాతి మగది సంతానోత్పత్తి కాలంలో నల్లని ఊదా మెరుపుతో ధగధగలాడుతుంది. ఆ కాలం గడిచాక పసుపు పొట్టతో, గొంతు నుంచి కిందికి సాగిన ఒకే ఒక నల్లని చారతో మిగులుతుంది. ఆ మెరుపు కూడా రంగుపదార్థం వలన వచ్చేది కాదు. ఈక నిర్మాణంపై వెలుగు పడి చెదరడం వలన పుట్టేది. అందువలన అదే పిట్ట ఎండలో నీలమణి, నీడలో బొగ్గుముక్క. తోకపిగిలిపిట్ట సంగతి మరీ విచిత్రం. ముదిమి చెందిన మగపిట్టకు వెండివంటి తెల్లని దేహం, పొడవాటి తెల్లని తోకఈకలు ఉంటాయి. వయసు తక్కువైన మగది ఇటుకరంగులో ఉంటుంది. రెండింటి చిత్రాలను పక్కపక్కన పెడితే ఒకే జాతి అని నమ్మడం కష్టం. రంగును మాత్రమే నమ్ముకొన్నవారు ఒక పక్షిని రెండుగా లెక్కించడం, రెండు పక్షులను ఒకటిగా భావించడం ఇందువలననే జరుగుతున్నది.

మరి ఛాయాచిత్రంలో వేటిని చూడాలి? మొదట ఆకారం, ముఖ్యంగా ముక్కు. గింజలను చిట్లించే గిజిగాని ముక్కు పొట్టిగా, శంకువువలె మందంగా ఉంటుంది. ఈ ఒక్క లక్షణం చూసినా వంగపండు పిట్ట అనే మాట వీగిపోతుంది. ఎందుకంటే ఆ పిట్ట ముక్కు పొడవైనది, దేహం మైనాకు దగ్గరైనది. తరువాత చూడవలసినది రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్న విషయం. మన దేశంలోని నేతపిట్టలు నాలుగు జాతులు. సంతానోత్పత్తి కాలంలో వాటి మగపిట్టలన్నింటి తలలపైనా పసుపు ఉంటుంది. అయితే గిజిగాని రొమ్ముపై చారలు ఉండవు. చారల నేతపిట్ట రొమ్ము నిండా నల్లని గీతలు ఉంటాయి. నల్లరొమ్ము నేతపిట్టకు రొమ్ముకు అడ్డంగా నల్లని పట్టీ ఉంటుంది. నాలుగవది తల, రొమ్ము, పొట్ట అంతా పసుపు పులుముకొన్నట్లు ఉంటుంది. అది హిమాలయ పాదభాగపు తరాయి గడ్డిభూములలోను, అస్సాంలోను మాత్రమే కనిపించే అంతరించిపోతున్న జాతి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసిన చిత్రంలో వెలుగు ఎక్కువై గిజిగాని చెక్కిలిపై ముసుగు వెలిసిపోతే, పసుపు పొట్ట దాకా పాకినట్లు కనిపిస్తే, చూసేవారికి ఆ నాలుగవ జాతి గుర్తుకు రావచ్చు. అటువంటి సమయంలో మనిషిని కాపాడేవి చిత్రంలో లేని విషయాలే. పిట్ట కనిపించినది గోదావరి ఒడ్డున. తరాయి అక్కడికి ఎంతో దూరం. గూడు వేలాడుతున్నది ఈతమట్టకు, కింద వాగునీరు. అది గిజిగానికి ఇష్టమైన తావు. చారల నేతపిట్ట అయితే నీటిలో మొలిచిన రెల్లును, జమ్మును ఆశ్రయించి ఉండేది. నెల ఆషాఢం, వానలతోపాటు గూళ్ళు అల్లడం గిజిగాని స్వభావం. ఇన్ని విషయాలు ఒక్కచోట కలిసినప్పుడు నిర్ణయం దృఢమవుతుంది. అదే చిత్రాన్ని తేదీ, స్థలం చెప్పకుండా ఒకరి ముందు ఉంచితే, ఎంతటి పండితునికైనా సంశయం తప్పదు.

తేదీ, స్థలం తెలిపే చీటీ విలువను శాస్త్రచరిత్ర పలుమార్లు చాటింది. అందుకు గిజిగాడే ఒక నిదర్శనం. 1766లో లిన్నేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలో ఫిలిప్పీన్స్ దీవుల పేరున్నది. నిజానికి గిజిగాడు ఆ దీవులకు చెందిన పక్షి కాదు. ఎవరో పంపిన నమూనాకు ఊరి పేరు తప్పుగా వ్రాశారు. ఆ తప్పు పేరులోకి ఎక్కింది. రెండున్నర శతాబ్దాలు గడిచినా భారతదేశపు ఈ పిట్ట పరాయి దేశపు పేరునే మోస్తున్నది. తెలియక చేసిన తప్పు ఇంతకాలం నిలిస్తే, తెలిసి చేసిన తప్పు ఎంత చేటు తెస్తుందో మరొక ఉదంతం తెలుపుతుంది. మైనర్ట్‌జాగన్ అనే ఆంగ్ల సైనికాధికారి ప్రదర్శనశాలలోని పక్షి చర్మాలను అపహరించి, తాను సేకరించినవిగా దొంగ చీటీలు కట్టాడు. వాటిలో మధ్యభారతానికి చెందిన ఒక అడవి పైడికంటె కూడా ఉన్నది. తాను దానిని 1914లో గుజరాత్‌లో సేకరించానని అతడు వ్రాసుకొన్నాడు. ఆ మాట నమ్మి పక్షిని వెదకినవారి శ్రమ వృథా అయింది. పామెలా రాస్ముసెన్ మొదలైన పరిశోధకులు ఆ మోసాన్ని గుర్తించి, నిజమైన చీటీలు చూపిన దారిని పట్టిపోగా 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా సమీపంలో ఆ పక్షి సజీవంగా కనిపించింది. 1884 తరువాత దానిని చూసినట్లు నిజమైన ఆధారం ఏదీ అప్పటివరకు లేదు.

నిజాయితీతో వ్రాసిన చిన్న చీటీ ఎంత మేలు చేస్తుందో చెప్పడానికి దూరం పోనవసరం లేదు. పందొమ్మిదవ శతాబ్దంలో జెర్డన్ అనే వైద్యుడు లోకానికి తెలిపిన కలివికోడిని ఆ శతాబ్దంలోనే బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో, సిరోంచ, భద్రాచలం పరిసరాలలో చూసినట్లు నమోదు చేశాడు. తరువాత ఆ పక్షి అంతరించిందనే లోకమంతా భావించింది. 1986 జనవరిలో కడప జిల్లాలో, స్థానిక వేటగాని సహాయంతో, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నాడు. కలివికోడి పాటపిట్ట కాకపోయినా పాఠం ఒక్కటే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చూశారో వ్రాసి ఉంచిన కొద్దిపాటి అక్షరాలే తరువాతి తరాలకు వెదకవలసిన నేలను చూపాయి.

ఈ సరిహద్దు ప్రాంతంలో ఊరి పేరు వ్రాయడం మరింత అవసరం. 1953కు పూర్వం ఖమ్మం వరంగల్ జిల్లాలో భాగంగా నిజాం ఏలుబడిలో ఉండేది. నది ఆవలి భద్రాచలం మద్రాసు పాలనకు చెందినది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. 2014లో ఆ చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. కాబట్టి చిత్రం కింద “ఖమ్మం అడవి” అని మాత్రమే వ్రాస్తే ఏ కాలపు ఖమ్మమో, ఏ ఒడ్డు అడవో ముందుతరం వారికి తెలియదు. కిన్నెరసాని ఒడ్డు, పర్ణశాల దారి, శబరి గోదావరిలో కలిసే కూనవరం అని వ్రాస్తే పాలకులు గీసిన గీతలు ఎన్ని మారినా ఆ మాట చెల్లుతుంది. పక్షికి జిల్లాల ఎల్లలతో పని లేదు; చెట్టుతోను, నీటితోను, గింజతోను మాత్రమే పని.

అయితే ఛాయాచిత్రాన్ని చులకన చేయడం కూడా తగదు. ఛాయాచిత్రం లేని కాలంలో పక్షిని గుర్తించాలంటే తుపాకి పట్టవలసి వచ్చేది. భారత జాతీయ కాంగ్రెస్ స్థాపకులలో ఒకడైన హ్యూమ్ గొప్ప పక్షి శాస్త్రవేత్త. 1885లో అతడు బ్రిటిష్ ప్రదర్శనశాలకు అప్పగించిన సేకరణలో నమూనాలు ఎనభై వేలకు పైబడి ఉన్నాయి. భారత పక్షిశాస్త్ర పితామహుడుగా పేరొందిన సలీం అలీ జీవితం కూడా ఒక చచ్చిన పిచ్చుకతోనే మలుపు తిరిగింది. 1908లో, బాల్యంలో, గాలితుపాకితో కొట్టిన పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించగా ఆ బాలుడు ఆశ్చర్యపడి దానిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి తీసుకొనిపోయాడు. గౌరవ కార్యదర్శి మిల్లర్డ్ అది పసుపుగొంతు పిచ్చుక అని చెప్పి, సంఘం భద్రపరచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించాడు. ఆ కుతూహలమే ఆ బాలుని శాస్త్రవేత్తను చేసింది. నేటి బాలునికి ఆ కుతూహలం తీర్చుకోవడానికి ఒక ప్రాణం తీయవలసిన పని లేదు. ఈ మేలును తక్కువగా ఎంచరాదు.

ప్రదర్శనశాలలోని నమూనా చెప్పలేని సత్యాన్ని ఛాయాచిత్రం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. బోర్నియో దీవిలో 1840ల నాటి ఒకే ఒక నమూనా వలన మాత్రమే లోకానికి తెలిసిన నల్లకనుబొమ్మల పిట్ట ఒకటి 2020లో ఇద్దరు స్థానికుల చేతికి చిక్కింది. వారు దానిని చిత్రం తీసి వదిలిపెట్టి, ఆ చిత్రాన్ని తెలిసినవారికి పంపారు. పాత నమూనాలో పసుపురంగు గాజుకన్ను అమర్చి ఉన్నది. సజీవమైన పిట్ట కన్ను ముదురు ఎరుపు గోధుమ వన్నెలో ఉన్నట్లు ఆ చిత్రం తేల్చింది. నూట డెబ్బై ఏండ్లపాటు దాగిన నిజాన్ని ఒక సామాన్య ఛాయాచిత్రం బయటపెట్టింది. కాని ఆ చిత్రాన్ని చూసినవారు తొందరపడి పేరు చెప్పలేదు. నిపుణులకు చూపించారు, నమూనాతో పోల్చారు, తేడాలకు కారణాలు విచారించారు. ఆ ఓపిక లేకుంటే అది వేల చిత్రాలలో ఒకటిగా మరుగున పడిపోయేది.

యంత్రం పేరు చెబుతున్నప్పుడు ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. యంత్రం తనకు చూపిన వేల చిత్రాలతో కొత్త చిత్రాన్ని పోల్చి, ఏ జాతికి చెందే అవకాశం ఎక్కువో చెబుతుంది. అది ఉపయోగకరమైన సూచన. అయితే ఆ సూచనను అంగీకరించి నమోదు చేసే బాధ్యత మనిషిదే. ఆ నమోదుల విలువ నేడు చాలా పెరిగింది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక ముప్పై వేల మందికి పైగా పక్షి ప్రేమికులు అందించిన దాదాపు మూడు కోట్ల పరిశీలనలపై ఆధారపడినది. 942 జాతులను పరిశీలించి, వాటిలో 178 జాతులను సంరక్షణలో అధిక ప్రాధాన్యం పొందవలసినవిగా అది గుర్తించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట సంఖ్య తగ్గుతున్నదని హెచ్చరించినది కూడా ఆ నివేదికే. ఇటువంటి లెక్కల్లోకి తప్పుడు పేర్లు చేరితే ఉన్న పక్షి లేనట్లు, లేని పక్షి ఉన్నట్లు తేలుతుంది. రక్షణ అవసరమైన చోటికి అది చేరదు.

ఇంతకంటె తక్షణమైన ప్రమాదం మరొకటి ఉన్నది. గిజిగాని పసుపు వన్నె అది గూడు అల్లే రోజులలో మాత్రమే కనిపిస్తుంది. అంటే పక్షి చిత్రానికి అందంగా ఉండే కాలమూ, మనిషి వలన దానికి హాని కలిగే కాలమూ ఒక్కటే. గిజిగాని గృహస్థధర్మం విచిత్రమైనది. 1930లో కొంకణ తీరంలోని కిహిం గ్రామంలో సలీం అలీ దానిని నిశితంగా గమనించి, మరుసటి ఏడాది ప్రకటించాడు. మగపిట్ట గూటిని సగం వరకు అల్లి నిలుపుతుంది. ఆడపిట్ట వచ్చి పరీక్షిస్తుంది. నచ్చితేనే జతకూడుతుంది, అప్పుడు మగపిట్ట గూటిని పూర్తిచేసి, మరొక గూడు మొదలుపెట్టి మరొక ఆడపిట్టను పిలుస్తుంది. గుడ్లు పొదిగే భారం ఆడపిట్టదే. అటువంటి సమయంలో మంచి చిత్రం కోసం మట్టలు నరికి దారి చేస్తే ఆ గూడు ఎండకు, కాకులకు, పాములకు తెరచిన తలుపవుతుంది. నమోదు చేసిన కూతను పదే పదే వినిపించి పిట్టను రప్పిస్తే, అది గూటిని వదిలి లేని శత్రువు కోసం వెదకుతూ అలసిపోతుంది. ఒక చిత్రానికి చెల్లించే మూల్యం ఒక గూడు కారాదు.

కాబట్టి అస్పష్టమైన చిత్రాన్ని చూసి సిగ్గుపడవలసిన పని లేదు. దూరం నుంచి తీసిన చిత్రం, దాని కింద తేదీ, ఊరు, చెట్టు, గూడు, కూత, గుంపులో ఎన్ని పిట్టలు ఉన్నాయన్న వివరం—ఇవి కలిస్తే దగ్గర నుంచి తీసిన మూగ చిత్రం కంటె ఎక్కువ మేలు. ఆ వివరాలలో స్థానికులు పిలిచే పేరును చేర్చడం మరువరాదు. జెర్డన్ 1862–64 మధ్య ప్రకటించిన తన గ్రంథంలో శాస్త్రీయ నామాల పక్కన తెలుగు పేర్లను కూడా పొందుపరిచాడు. ఒక విదేశీయుడు నూట అరవై ఏండ్ల క్రితం పాటించిన ఆ మర్యాదను నేటి తెలుగువారు మరువడం శోచనీయం. భద్రాచలం అడవిలో పుట్టి పెరిగిన కోయ పెద్దకు పిట్ట కూతను బట్టి, గూటిని బట్టి, ఎగిరే తీరును బట్టి దానిని గుర్తించే నేర్పు ఉన్నది. ఆ నేర్పు ఏ ఛాయాచిత్రంలోనూ ఇమడదు. అడిగి వ్రాసుకొన్నవారికే దక్కుతుంది.

చివరిగా, ఎంత విచారించినా పేరు తేలని చిత్రాలు కొన్ని మిగులుతాయి. వానలు వెళ్ళిన తరువాత మట్టిరంగు వేషంలో ఉన్న నేతపిట్టలను దూరపు చిత్రంలో వేరుచేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. అటువంటి చిత్రం కింద “నేతపిట్ట, జాతి తేలలేదు” అని వ్రాయడం ఓటమి కాదు. ఆ ఒక్క వాక్యం తరువాత వచ్చేవారిని తప్పుదారి పట్టించదు. వారు మళ్ళీ ఆ వాగు ఒడ్డుకు, మళ్ళీ తొలకరి నాటికి వచ్చి చూస్తారు. ఆనాటికి ఆ ఈతచెట్టు నిలిచి ఉంటే, మగపిట్ట తన పసుపు కుళ్ళాయి ధరించి, సంశయానికి తావు లేకుండా తన పేరు తానే చెప్పుకొంటుంది. చెట్టును అప్పటివరకు నిలపడమే ఛాయాచిత్రం తీసినవారు పక్షికి తీర్చవలసిన ఋణం.